ఇరవై రెండు వేల తాడు

మా అబ్బా మర్హూమ్ దర్జీ. నల్గొండ జిల్లాలో బస్టాండు పక్కన చిన్న దుకాణం. ఆ దుకాణంలో పొద్దుటినుంచి ఇషా దాకా రెండే రెండు ఆగకుండా నడిచేవి. ఒకటి కుట్టుమిషను, రెండోది టేప్ రికార్డర్. సాబ్రీ బ్రదర్స్ ఖవ్వాలీలు, మెహదీ హసన్ గజళ్లు, రంజాన్ నెలలో నాత్‌లు. కత్తెర ఆడుతుంటే తల కూడా తాళానికి ఆడేది.

అబ్బా పోయాక ట్రంకు పెట్టెలో 64 క్యాసెట్లు మిగిలాయి. ఒక్కోదాని మీద ఉర్దూలో ఆయన రాసుకున్న పేర్లు. ఒకదాని మీద మాత్రం "ఖాలీ" అని రాసి ఉంది. ఖాళీ క్యాసెట్టే కదా అని పక్కన పడేయబోయి, ఎందుకో ఒకసారి పెట్టి చూశాను. ఖాళీ కాదు. ఎప్పుడో పొరపాటున రికార్డు బటన్ నొక్కుకుపోయినట్టుంది. పదకొండు నిమిషాల దుకాణం ఉంది అందులో. మిషను తొక్కుడు, బస్సు హారను, ఎవరితోనో షేర్వాణీ కొలతల మీద బహస్, మధ్యలో సన్నగా అబ్బా గునగున. చివర్లో నా ముద్దుపేరు పెట్టి, "చాయ్ చెప్పిరా పో బేటా" అన్న మాట. మా అబ్బా ఆవాజ్ ఈ దునియాలో ఇక అక్కడ తప్ప ఎక్కడా లేదు.

అందుకే క్యాసెట్లన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించాను. హైదరాబాద్‌లో మా ఇంటి హాల్లో సెకండ్‌హ్యాండ్ ఆంప్లిఫయర్ ఒకటి, రెండు స్పీకర్లు పెట్టాను. కంప్యూటర్ నుంచి ఆడియో వైరు ఆంప్‌కి. అంతా జోడించి మగ్రిబ్ తర్వాత అందరినీ కూర్చోబెట్టి ఆ పదకొండు నిమిషాలు పెడితే, అబ్బా కంటే ముందు వినపడింది "గుంయ్‌ఁ..." అనే హమ్. తేనెటీగల తుట్టెను గోడ వెనక పెట్టినట్టు. ఖవ్వాలీ అయితే ఆ హోరులో హమ్ కలిసిపోతుంది. మెల్లగా గునగునలాడే మనిషి గొంతు కలిసిపోదు, మునిగిపోతుంది.

ఇక మొదలైంది నా షౌక్. షౌక్ అనాలో, మర్జ్ అనాలో. రాత్రిళ్లు కూర్చుని చదివాను, వీడియోలు చూశాను, ఆడియో దుకాణాల్లో చాయ్ తాగుతూ విన్నాను. తేలిందేమిటంటే, ఆంప్‌తో పాటు వచ్చే నల్ల పవర్ కేబుల్ "బేకార్". దాన్ని తీసేసి మంచి కేబుల్ వేస్తే కరెంటు "సాఫ్" అవుతుందట. ఆవాజ్ ముసుగు తీసినట్టు బయటికొస్తుందట. వెండి పూత పూసిన రాగి, మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో ముంచి తీసిన తీగ, పాము కుబుసంలాంటి అల్లిక. ఆ మాటలు వింటుంటే అత్తరు దుకాణంలో నిలబడ్డట్టే ఉంటుంది. ఒక్కో సీసా మూత తీసి చూపిస్తుంటే, కొనకుండా బయటికి రాలేం.

నేను మరీ అంత బేవకూఫ్‌ని కాదు అనుకుని, మూడు కేబుళ్లు పోల్చి చూశాకే నిర్ణయిద్దామనుకున్నాను.

మొదటిది ఆంప్‌తో వచ్చిందే. కంప్యూటర్లకు వేసేలాంటి నల్ల కేబుల్. ఒక వైపు మన మూడు పిన్నుల ప్లగ్, ఇంకో వైపు ఆంప్ వెనక దూరే మూడు రంధ్రాల మొన. లోపల తీగ మందం 0.75 చదరపు మిల్లీమీటర్లు. పొడవు మీటరున్నర.

రెండోది కోఠీ గుజరాతీ గల్లీలో చేయించింది. 1.5 చదరపు మిల్లీమీటర్ల మూడు తీగల కేబుల్, మంచి ప్లగ్ టాప్. మజ్దూరీతో కలిపి 600 రూపాయలు.

మూడోది బయటి దేశం సరుకు. బొటనవేలంత లావు, బంగారు రంగు పిన్నులు, మఖ్మల్ సంచీలో పెట్టి ఇచ్చారు. 22,000 రూపాయలు. ఇంట్లో మా బేగంకి మాత్రం "రెండు వేల రెండొందలు" అని చెప్పాను. ఒక్క సున్నాయే తగ్గించాను. అబద్ధం కూడా హిసాబ్‌గా ఆడాననుకున్నాను.

మూడో కేబుల్ ప్లగ్ మన సాకెట్‌కి సరిపోదు. యూరప్‌లో వాడే రెండు గుండ్రటి పిన్నుల ప్లగ్ అది. దుకాణదారే ఒక తెల్ల అడాప్టర్ ఇచ్చాడు, ఏ దేశం ప్లగ్‌నైనా మింగే రకం. ఈ తెల్ల అడాప్టర్‌ని గుర్తుపెట్టుకోండి. కథంతా దీంట్లోనే ఉంది.

ఇంటికొచ్చి ఇమ్తిహాన్ పెట్టాను. మొదటి కేబుల్: గుంయ్‌ఁ. రెండో కేబుల్: గుంయ్‌ఁ. మూడో కేబుల్ పెట్టి స్విచ్ వేశాను. ఖామోషీ. హమ్ లేదు! కసమ్‌గా చెబుతున్నా, పూర్తిగా పోయింది. అబ్బా క్యాసెట్ పెట్టాను. కత్తెర గుడ్డను కోస్తున్న కరకర వినపడింది. పళ్ల మధ్య గుండుసూదులు పెట్టుకుని మాట్లాడుతున్నట్టు మాట ముద్దగా ఉండడం కూడా వినపడింది. అమ్మీ దుపట్టా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుండిపోయింది. 22,000 కాదు, 44,000 అయినా ఇచ్చేవాణ్ణి అనిపించింది ఆ రాత్రి.

ఆ తర్వాత నెల రోజులు నేను ఆ కేబుల్‌కి ముఫ్త్ ప్రచారకర్తని. ఇంటికి వచ్చిన ప్రతి దోస్త్‌కీ వినిపించాను. హమ్ పోవడమే కాదు, గజళ్లలో తబలా లోతుగా వస్తోందని, హార్మోనియం ఊపిరి తీసుకుంటోందని కూడా చెప్పాను. నాకు నిజంగానే అలా వినపడింది. వాళ్లూ తలలాడించారు. చాయ్, సమోసా పెట్టి అడిగితే ఎవరు కాదంటారు?

ఒక జుమా రోజు పొద్దున అమ్మీ హాలంతా తడిగుడ్డతో తుడుస్తోంది. కాళ్లకు చెప్పులు లేవు, నేల తడిగా ఉంది. మా బిడ్డ స్కూలు ప్రాజెక్టు కోసం కంప్యూటర్‌ని వేరే గదిలోకి మారుస్తూ ఆంప్‌కి వెళ్లే ఆడియో వైరు పీకేసింది. అమ్మీ ఆంప్ మీద దుమ్ము తుడవబోయి చెయ్యి వెనక్కి లాక్కుంది.

"యా అల్లా! ఈ డబ్బా కొరుకుతుంది రా."

"ఏం కాదు అమ్మీ, చలికాలం కదా, గుడ్డలకి అట్లనే చురుక్కుమంటది" అన్నాను. నా మాట మీద నాకే యకీన్ లేదు. చేతివేళ్ల వెనకవైపుతో ఆంప్‌ని మెల్లగా తాకితే సన్నని జలదరింపు. చీమలు పాకినట్టు.

అమ్మీకి 71 ఏళ్లు. ఆ రోజంతా నా కడుపులో ఏదో తిప్పుతూనే ఉంది.

మా మామూ, అంటే అమ్మీ తమ్ముడు, కరెంటు ఆఫీసులో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. ఫోన్ చేస్తే సాయంత్రానికల్లా వచ్చాడు. జేబులో టెస్టర్ లేకుండా ఆయన దావత్‌కి కూడా వెళ్లడు. ఆంప్ బాడీకి టెస్టర్ ఆనించాడు. ఎర్రగా వెలిగింది.

"క్యా రే బేటా, పాటల డబ్బా పెట్టినవా, పాము పుట్ట పెట్టినవా?"

తర్వాత వెనక్కి వంగి చూశాడు. మఖ్మల్ కేబుల్ చూశాడు. తెల్ల అడాప్టర్ చూశాడు. దాన్ని పీకి చేతిలో తిప్పుతూ, "దీనికి ఎర్త్ యాడ ఉంది?" అన్నాడు.

లేదు. యూరప్ ప్లగ్‌కి ఎర్త్ పిన్ను ఉండదు. పక్కల రెండు రేకులు ఉంటాయి. వాళ్ల సాకెట్‌లో ఆ రేకులకు తగిలే క్లిప్పులుంటాయి. ఎర్త్ అక్కడ కలుస్తుంది. ఈ అడాప్టర్‌లో ఆ క్లిప్పులే లేవు. రెండు గుండ్రటి పిన్నులు మాత్రం లోపలికి వెళ్లాయి, ఎర్త్ తీగ గాలిలో ఉండిపోయింది. అంటే, 22,000 పెట్టి నేను చేసిన పని ఆంప్‌కి ఎర్త్ తీసేయడం.

"మరి హమ్ ఎట్ల పోయింది మామూ? కేబుల్ వల్లే కదా?" నాకింకా జిద్ద్ వదల్లేదు.

మామూ నేల మీద బైఠాయించి చాయ్ తాగుతూ చెప్పాడు. కంప్యూటర్‌కి దాని ప్లగ్ ద్వారా ఒక ఎర్త్ ఉంది. ఆంప్‌కి దాని ప్లగ్ ద్వారా ఇంకో ఎర్త్ ఉంది. రెండూ వేరే వేరే బోర్డుల నుంచి వస్తున్నాయి. మధ్యలో ఆడియో వైరు పై జాలీ ఆ రెండింటినీ కలిపింది. అలా ఒక పెద్ద చుట్టు ఏర్పడింది. ఆ చుట్టులో 50 హెర్ట్జ్ కరెంటు కొంచెం కొంచెం తిరుగుతూ పాటలోకి దూరుతుంది. అదే హమ్. చుట్టు ఎక్కడో ఒకచోట తెగితే హమ్ పోతుంది. "నువ్వు తెగ్గొట్టకూడని చోట తెగ్గొట్టినవ్" అన్నాడు.

ఇన్నాళ్లూ ఎవరికీ షాక్ కొట్టకపోవడానికి కారణం కూడా అప్పుడే అర్థమైంది. ఆ సన్నటి ఆడియో వైరు ద్వారా కంప్యూటర్ ఎర్త్‌ని ఆంప్ అరువు తెచ్చుకుంటోంది. బిడ్డ ఆ వైరు పీకగానే ఆంప్ అనాథ అయింది. లోపలి ఫిల్టర్ గుండా కారే చిన్నపాటి కరెంటుకి వెళ్లే దారి లేక బాడీ మీద నిలిచింది. అమ్మీని కొరికింది అదే.

"ఇది చీమ. రేపు లోపల ఇన్సులేషన్ పాడై ఫేజు తీగ బాడీకి తగిలితే ఏమైతది? ఎర్త్ ఉంటే దబ్బున ఎక్కువ కరెంటు పోయి ఎంసీబీ పడిపోతది, కిస్సా ఖతం. ఎర్త్ లేకుంటే 230 వోల్టులు ఆ డబ్బా మీద కూసోని ఉంటయ్. ఎవరి చెయ్యి వస్తదా అని చూస్తుంటయ్."

ఎవరి చెయ్యి అని ఆయన అనలేదు. అమ్మీ వంటింట్లో రోటీలు కాలుస్తోంది. నేను తల దించుకున్నాను.

మామూ కటింగ్ ప్లేయర్ తీశాడు. నేను "మామూ, రుకో" అనేలోపే ఆ బంగారు పిన్నుల ప్లగ్ కోసేసి, మన మూడు పిన్నుల ప్లగ్ టాప్ బిగించాడు. మన ప్లగ్‌లో పై పిన్ను మిగతా రెండిటికంటే లావుగా, పొడుగ్గా ఎందుకుంటుందో చూపించాడు. పెట్టేటప్పుడు అన్నిటికంటే ముందు ఎర్త్ తగలాలి, తీసేటప్పుడు అన్నిటికంటే చివర వదలాలి. ఇంట్లో పెద్దవాళ్లలాగా, అందరికంటే ముందు లేచి, అందరూ పడుకున్నాక పడుకునేలా.

మళ్లీ అన్నీ జోడించాం. అదే 22,000 కేబుల్. ఈసారి ఎర్త్‌తో. స్విచ్ వేశాను.

గుంయ్‌ఁ...

హమ్ తిరిగి వచ్చింది. అదే హమ్, అంతే హమ్. నెల రోజులు నేను దోస్తులకు చెప్పిన కథంతా ఆ ఒక్క శబ్దంతో పోయింది.

అప్పుడు మామూ కంప్యూటర్‌ని, ఆంప్‌ని రెండింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులో పెట్టించాడు. చుట్టు చిన్నదైంది, హమ్ సగానికి పైగా తగ్గింది. మర్నాడు కోఠీ వెళ్లి ఆడియో వైరు మధ్యలో పెట్టే చిన్న ఐసొలేటర్ కొన్నాను. అగ్గిపెట్టెకంటే కాస్త పెద్దది. అందులో రెండు బుల్లి ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటాయి. పాటను దాటిస్తాయి, ఎర్త్‌ల చుట్టును తెంపేస్తాయి. 450 రూపాయలు. హమ్ మొత్తం పోయింది. ఎర్త్ ఉన్న చోటే ఉంది.

ఇక మిగిలింది ఒకే సవాల్. హమ్ సంగతి సరే, ఆ తబలా లోతు, ఆ హార్మోనియం ఊపిరి? అవైనా కేబుల్ మహిమే కదా? మా బిడ్డ తొమ్మిదో తరగతి. "అబ్బూ, నువ్వు చూడకుండా చెప్పు" అంది. ఆంప్ వెనక దుప్పటి అడ్డం కట్టింది. రూపాయి బిళ్ల ఎగరేసి, బొమ్మ పడితే మామూలు నల్ల కేబుల్, బొరుసు పడితే ఖరీదైనది. ఒకే గజల్, ఒకే వాల్యూమ్. ప్రతిసారీ ఆంప్ ఆపి, కేబుల్ పెట్టి, మళ్లీ వేయడం. పన్నెండు సార్లు.

ఏడుసార్లు సరిగ్గా చెప్పాను. "మాషా అల్లాహ్" అనబోతుంటే మా బిడ్డ అంది, "అబ్బూ, కళ్లు మూసుకుని ఊరికే చెప్పినా ఆరు వస్తయ్." మా బేగం కూడా కూర్చుంది. ఆమెకి అయిదు.

ఒక మాట ఇన్సాఫ్‌గా చెప్పాలి. కేబుల్ మార్చడానికి నిమిషం పట్టేది, చెవి అంతసేపు సన్నని తేడాని గుర్తుపెట్టుకోలేదు. అది మా ఇమ్తిహాన్‌లో ఉన్న లోపం. కానీ నిమిషంలో మరిచిపోయేటంత చిన్న తేడాకి 22,000 ఎందుకు?

మామూతో కలిసి హిసాబ్ కూడా వేశాను. నల్ల కేబుల్‌లో పోను రాను కలిపి రాగి అడ్డు దాదాపు 0.08 ఓమ్. లావు కేబుల్‌లో 0.02 చుట్టూ. ఆంప్ ఒక ఆంపియర్ తీసుకుంటే రెండింటి తేడా వోల్టులో ఇరవయ్యో వంతు దగ్గర. మా ఇంట్లో మల్టీమీటర్ పెట్టి చూస్తే సాయంత్రం 218 వోల్టులు, అర్ధరాత్రి 234. గోడలోపలి తీగ అడ్డే ఆ నల్ల కేబుల్‌కి నాలుగైదు రెట్లు ఉంటుంది. దాని వెనక మీటరు, స్తంభం, వీధి ట్రాన్స్‌ఫార్మర్. ఇన్ని దాటి వచ్చిన కరెంటుకి చివరి మీటరున్నరలో వెండి పూత రాస్తే ఏమవుతుంది? నల్గొండ నుంచి ఎర్రబస్సులో నిలబడి వచ్చి, చివరి గజం పల్లకీలో దిగినట్టు ఉంటుంది. పైగా ఆ కరెంటు నేరుగా స్పీకర్‌కి వెళ్లదు. ఆంప్ లోపల ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని తగ్గిస్తుంది, డయోడ్లు సరిచేస్తాయి, పెద్ద కెపాసిటర్లు నింపుకుంటాయి. పాట ఆ కెపాసిటర్లలోంచి తాగుతుంది.

మరి నెల రోజులు నాకు వినపడింది ఏమిటి? వహమ్. కానీ వహమ్ అంటే అబద్ధం కాదు. నేను నిజంగానే విన్నాను. డబ్బు పెట్టిన చెవి తేడాని వెతుక్కుంటుంది, దొరికేదాకా ఊరుకోదు. అబ్బా ఆవాజ్ ఇంకా సాఫ్‌గా వినాలన్న తమన్నా దానికి తోడైంది.

కేబుల్ అసలు ముఖ్యం కాదని అనడం లేదు. ముఖ్యమే, కాకపోతే నేను ఖర్చుపెట్టిన చోట కాదు. ఐఎస్ఐ గుర్తు ఉండాలి. లోపల రాగే ఉండాలి, రాగి పూత పూసిన అల్యూమినియం కాదు. మొన బిగుతుగా కూర్చోవాలి. పట్టుకుంటే వెచ్చగా ఉంటే మార్చేయాలి. ఆడియో వైరుకి ఆనుకుని పక్కపక్కనే పరుచుకుని పోకూడదు. అన్నిటికంటే ముందు, ఎర్త్ చివరిదాకా కలిసి ఉండాలి. మీ ఇంట్లో ఎర్త్ పిన్ను విరిగిన ఇస్త్రీపెట్టె, మిక్సీ ఉన్నాయా? సౌదీ నుంచో దుబాయ్ నుంచో అన్న తెచ్చిన సామానుకి తెల్ల అడాప్టర్ పెట్టి నడుపుతున్నారా? ఈ ఆదివారం ఒకసారి ఎలక్ట్రీషియన్‌ని పిలిచి చూపించండి. హమ్ పోవాలని ఎర్త్ పిన్ను తీసేయమని ఎవరైనా నసీహత్ ఇస్తే వినకండి. మామూ మా ఇంటి బోర్డులో 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ కూడా పెట్టించాడు. అది కూడా ఆ కేబుల్ ధరలో పదో వంతు కంటే చాలా ఎక్కువేం కాలేదు.

ఆ రాత్రి బేగంకి నిజం చెప్పేశాను. "జీ, ఆ కేబుల్ రెండు వేల రెండొందలు కాదు..."

"తెలుసు" అంది తల ఎత్తకుండా, బియ్యం ఏరుతూ. "బ్యాంకు మెసేజ్ నా ఫోన్‌కే వస్తది."

నెల రోజులు ఆమె ఒక్క మాట అనలేదు. ఎందుకని అడిగితే, "అబ్బా గొంతు విని మీరు ఏడ్చిన రోజు ఏమని అడగను?" అంది. ఇస్రాఫ్ గురించి బిడ్డకి ఎన్నోసార్లు లెక్చర్లు ఇచ్చిన మనిషిని నేను. షర్మిందా అవడానికి ఇంకేం కావాలి?

ఆ కేబుల్ ఇప్పుడు కంప్యూటర్ మానిటర్‌కి పనిచేస్తోంది. చుట్టాలెవరైనా ఇదేంటి ఇంత లావుందని అడిగితే, బేగం "ఇరవై రెండు వేల తాడు" అంటుంది. అందరూ నవ్వుతారు, నేనూ నవ్వుతాను.

ఆంప్‌కి మాత్రం దానితో వచ్చిన నల్ల కేబులే. నిన్న ఇషా తర్వాత మళ్లీ ఆ "ఖాలీ" క్యాసెట్ పెట్టాను. కత్తెర కరకర అలాగే ఉంది, పళ్ల మధ్య గుండుసూదులూ అలాగే ఉన్నాయి. అమ్మీ వచ్చి, ఆంప్ పక్కనే కూర్చుని, దాని మీద చెయ్యి ఆనించింది. నా గుండె ఒక్క క్షణం ఆగింది. ఏమీ కాలేదు.

"కొరకడం లేదు రా ఇప్పుడు" అంది అమ్మీ.

స్పీకర్‌లో అబ్బా చాయ్ చెప్పిరమ్మంటున్నాడు. లేచి వెళ్లి మూడు చాయ్‌లు పెట్టుకొచ్చాను.